ఇరవై మూడో వరుస

కార్ల చక్రాల కింద చెక్కలు పెట్టడం,
టికెట్లు చింపడం, రేవు మీదికి తాళ్లు విసరడం.
ఇరవై ఆరేళ్లుగా ఆర్క్నీ ఫెర్రీలో నా పని ఇది.
యాభై రెండో ఏట మనసు చదవాలనిపించింది.
మనసంటే నాది కాదు, సబ్జెక్టు.

యూనివర్సిటీ ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు.
దూరపు కొండలు నునుపంటారు గానీ
మా దీవికి ఉన్నది ఒక్కటే గుట్ట,
అది దగ్గరినుంచి చూసినా నునుపే.

గాలి లేస్తే పాఠం మధ్యలో ప్రొఫెసరు
నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు.
జ్ఞాపకం గురించి ఆయన చెప్పబోయిన మాట
మంగళవారం దాకా ఆ నోట్లోనే ఉండిపోయింది.

పరీక్షరోజు గదంతా కెమెరాకు చూపించమన్నారు.
చూపించాను: పొయ్యి, ఆరేసిన మేజోళ్లు,
కిటికీ అవతల నిలబడి నావంకే చూస్తున్న గొర్రె.
"అక్కడెవరు?" అని టైపు చేశాడు అవతలి మనిషి.
గొర్రె అని రాశాను.
దానికి స్టాటిస్టిక్స్ రాదని కూడా రాశాను.

మొదటి పేజీలోనే ఉంది హెచ్చరిక:
ఈ డిగ్రీతో వైద్యం చేయరాదు.
అది చదివాకే ఫీజు కట్టాను.
నీళ్లలో పడ్డవాళ్లకు తాడు విసరడం తెలుసు నాకు.
ఒడ్డున నిలబడి మునిగేవాళ్లకు
ఎటు విసరాలో తెలియదు.

దీవిలో మాట దాగుతుందా?
ఇంగా రెండాల్ ఆరు కోడిగుడ్లు పట్టుకుని వచ్చింది.
"పడవ అమ్మినప్పటినుంచీ మా ఆయన పలకడు, థోరా.
నువ్వు చదువుతున్నావు కదా."
"మందిచ్చే మనిషిని కాను ఇంగా,
కొలిచే మనిషిని."
"అయితే కొలిచి చెప్పు" అంది
గుడ్లు బల్లమీద పెట్టేసి.

నా థీసిస్ ఇంతే:
రేవులో ఎదురుచూసేవాళ్లు
ఎంతసేపు చూశామనుకుంటారు?
గడియారం నా జేబులో. ప్రశ్న ఒక్కటే.
పది నిమిషాలు నిలబడ్డవాళ్లు ఇరవై అన్నారు.
పావుగంట ఆగిన పశువుల డాక్టరు
"ఈ జన్మంతా" అన్నాడు.
దాన్ని అంకెలో ఎలా వేయాలో తెలియక
గడి ఖాళీగా వదిలాను.

ఇరవై మూడో వరుస: నలభై ఎనిమిది నిమిషాలు.
అడిగితే "ఇప్పుడేగా వచ్చాను" అన్నాడు.
ఫెర్రీ వచ్చింది, వెళ్లింది. ఎక్కలేదు.
మర్నాడూ అంతే.
ఆ మర్నాడు అడ్డంగా కొట్టే వానలో కూడా.

పేర్లు రాయకూడదు, బయట చెప్పకూడదు. నియమం.
డెబ్భైమంది ఉన్న దీవిలో
పేరు చెరిపేస్తే మనిషెవరో తెలియదట!
ఇంట్లో పలకని మనిషి నా ప్రశ్నకు పలికాడని
ఇంగాకు చెప్పలేదు.
గుడ్లు ఉడికించుకుని తిన్నాను, రెండు,
దొంగసొమ్ము తిన్నట్టు.

సూపర్‌వైజరు రాసింది:
"ఈ ఒక్క అంకె అందరికీ ఎడంగా ఉంది,
సగటును తనవైపు లాగేస్తోంది.
కారణం చూపించి తీసేయొచ్చు."

కారణం నాకు తెలుసు.
నలభై ఏళ్లు రేవే ఆయనకోసం ఎదురుచూసింది.
ఇటువైపు నిలబడడం
ఆయనకింకా చేతకావడంలేదు.
ఏ పుస్తకంలోంచి ఎత్తిరాశావంటే
ఏం చెప్పను?

తీసేయలేదు.
పట్టిక కింద చిన్న అక్షరాల్లో
"ఈ వరుసను ఉంచాను" అని రాశాను.
మార్కులు పోతే పోనీ.

ఇవాళ సెలవు. అయినా ఫ్లాస్కు తీసుకుని
రేవుకెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.
మూతలో టీ పోసిస్తే తాగాడు, మూత తుడిచి ఇచ్చాడు.
"ఆలస్యమా?" అన్నాడు నీళ్లవంక చూస్తూ.
గడియారం ఇంట్లో వదిలొచ్చాను, తెలియదన్నాను.

ఎంతసేపు నిలబడ్డామంటే
ఇప్పుడేగా వెళ్లాం.
టీ మాత్రం అయిపోయింది.
బల్లమీద గుడ్లు
ఇంకా నాలుగున్నాయి.